కదలిక నుంచి లోతు: నా కోడ్‌కి దొరికిన ఆకారం మనిషి కంటికి ఎందుకు దొరకడం లేదు?

చుక్కల_శీను (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఎంటెక్ ప్రాజెక్టు కోసం చిన్న సిమ్యులేషన్ రాశాను. నల్లటి స్క్రీన్ మీద తెల్ల చుక్కలు. అవి నిలువు మడత ఉన్న ఉపరితలం మీద ఉన్నట్టు లెక్క, సగం తెరిచిన పుస్తకాన్ని వీపు వైపు నుంచి చూస్తున్నట్టు అనుకోండి. ఆ మడత నిలువు అక్షం చుట్టూ అటూ ఇటూ కొద్దిగా ఊగుతుంది. ప్రొజెక్షన్ ఆర్థోగ్రాఫిక్, కాబట్టి దూరమైనది చిన్నగా కనిపించడం లాంటివి ఏమీ లేవు. ఊపు ఆపేస్తే చుక్కల గుంపు తప్ప ఏమీ ఉండదు. ఊపగానే మడత టక్కున లేచి నిలబడుతుంది.

వరసగా మూడు ఫ్రేములు తీసుకుని ఉల్‌మన్ పద్ధతిలో లెక్క కడితే నా కోడ్ మడత కోణాన్ని దాదాపు అచ్చంగా చెబుతోంది. హాస్టల్లో స్నేహితులను కూర్చోబెట్టి అడిగితే మాత్రం, ఊపు వేగం పెంచినకొద్దీ మడత ఇంకా పదునుగా, ఇంకా లోతుగా కనిపిస్తోంది అంటున్నారు. ఆకారం మారలేదు, వేగం ఒక్కటే మార్చాను. గైడ్ సారేమో దాన్ని మనుషుల పొరపాటు కింద రాసేయమన్నారు. అందరూ ఒకే వైపు పొరబడుతుంటే దాన్ని పొరపాటని ఎలా రాయను?

రోబో_రమణ

ముందు అనుమానాలు తీర్చుకుందాం. స్క్రీన్ రిఫ్రెష్ రేటు ఎంత? వేగం పెంచినప్పుడు ఊపు కోణం కూడా పెరుగుతోందా, లేక ఊపు అంతే ఉండి త్వరగా ఊగుతోందా?

చుక్కల_శీను

ఊపు కోణం అంతే. త్వరగా ఊగుతుంది. రిఫ్రెష్ రేటు సెకనుకు 120 ఫ్రేములు. ఫ్రేములేవీ జారిపోవడం లేదు, చూశాను.

రోబో_రమణ

అయితే చూపిస్తున్న బొమ్మలో తేడా ఏమీ లేదు. తెలియనివాళ్ల కోసం ఒక మాట. షిమోన్ ఉల్‌మన్ 1979లో నిరూపించింది ఇదీ: ఒకే తలంలో లేని నాలుగు చుక్కలు, వాటివి మూడు వేర్వేరు ఆర్థోగ్రాఫిక్ దృశ్యాలు ఉంటే చాలు, వస్తువు దృఢమైనది, అంటే వంగనిది సాగనిది, అనుకుంటే దాని ఆకారాన్నీ అది తిరిగిన తీరునూ కనిపెట్టవచ్చు. మిగిలే సందిగ్ధం ఒక్కటే, అద్దంలో ప్రతిబింబం. మడత మన వైపు పొడుచుకొచ్చిందా, లోపలికి పోయిందా అన్నది ఆ చుక్కలు చెప్పలేవు. మీ స్నేహితుల్లో కొందరికి అది తిరగబడి కనిపిస్తూ ఉండాలి.

చుక్కల_శీను

అవును, చూస్తూ ఉండగానే తిరగబడుతోంది అంటున్నారు. అది ఊహించిందే, దాంతో నాకు గొడవ లేదు. లోతు మారడమే అంతుపట్టడం లేదు.

అరుంధతి_ఎన్

శీను గారూ, మీ కోడ్ మూడు ఫ్రేములు చూస్తోంది. మనిషి కన్ను దాదాపు రెండే చూస్తోందనుకోండి, ముడి విడిపోతుంది.

నిలువు అక్షం చుట్టూ తిరిగే వస్తువు మీద ఒక చుక్క తీసుకోండి. స్క్రీన్ మీద ఆ క్షణానికి దాని వేగం = కోణీయ వేగం × అక్షం నుంచి దాని లోతు. ఇంతే. రెండు ఫ్రేముల మధ్య మనకు చిక్కేది ఈ లబ్ధం ఒక్కటే. అందులో కోణీయ వేగం వాటా ఎంత, లోతు వాటా ఎంత అని విడదీయడానికి సమాచారం లేదు.

వాలుగా ఉన్న సమతలమైతే, స్క్రీన్ మీద అక్షం నుంచి దూరం పోయేకొద్దీ వేగం పెరిగే రేటు = కోణీయ వేగం × వాలు కోణపు టాన్. ఇప్పుడు లెక్క చూడండి. 30 డిగ్రీల వాలు ఉన్న తలం సెకనుకు 30 డిగ్రీలు తిరిగితే 30 × 0.577, అంటే 17.3. 60 డిగ్రీల వాలు ఉన్న తలం సెకనుకు 10 డిగ్రీలే తిరిగితే 10 × 1.732, అదీ 17.3. ఆ క్షణంలో స్క్రీన్ మీద రెండూ ఒకటే. ఒకటి చదునుగా ఉండి చురుగ్గా తిరిగేది, ఇంకొకటి నిటారుగా ఉండి మెల్లగా తిరిగేది. వీటి మధ్య ఉన్న లెక్కలేనన్ని జతలు కూడా అంతే.

కూండరింక్, వాన్ డోర్న్ 1991లో దీన్ని పద్ధతిగా తేల్చారు. రెండు దృశ్యాలతో దక్కేది అఫైన్ నిర్మాణం మాత్రమే: ఏ చుక్క ముందుంది, ఏది వెనకుంది, లోతుల నిష్పత్తి ఎంత అన్నవి తెలుస్తాయి. మొత్తం ఆకారాన్ని లోతు దిశలో సాగదీయాలా నొక్కాలా అన్నది తెలియదు. మీ స్నేహితులు చెబుతున్నది సరిగ్గా ఆ సాగుడు గురించే.

రోబో_రమణ

మూడో ఫ్రేము ఎదురుగా ఉంటే మెదడు దాన్ని ఎందుకు వదిలేస్తుందండీ? స్థిరమైన వేగంతో తిరిగే చుక్కకు త్వరణం = కోణీయ వేగం వర్గం × అక్షం నుంచి స్క్రీన్ మీద దాని దూరం, దిశ అక్షం వైపు. దాంతో కోణీయ వేగం విడిగా వచ్చేస్తుంది, భాగిస్తే లోతు వస్తుంది.

అరుంధతి_ఎన్

రావడం వస్తుంది. ఎంత వస్తుందో చూద్దాం. పై రెండు తలాల్లో అక్షం నుంచి 5 డిగ్రీల దూరంలో ఉన్న చుక్కను తీసుకోండి. రెండింట్లోనూ వేగం సెకనుకు 1.5 డిగ్రీలు. పదో వంతు సెకనులో ఆ వేగం మొదటిదాంట్లో సుమారు 9 శాతం మారుతుంది, రెండోదాంట్లో 1 శాతం. మన కన్ను రెండు వేగాలను పక్కపక్కన పెడితే చక్కగా పోల్చగలదు. అదే చుక్క వేగం కొద్దికొద్దిగా మారడాన్ని పట్టమంటే చాలా మొద్దు. అంటే మూడో ఫ్రేములో ఉన్న సమాచారం మన నరాల రొదలో మునిగిపోతుంది.

ఇది ఊహ కూడా కాదు. టాడ్, బ్రెసన్ 1990లో చూశారు: రెండు ఫ్రేములను మార్చి మార్చి చూపినా మనుషులకు ఆకారం కనిపిస్తుంది, ఫ్రేములు పెంచితే పెద్దగా మెరుగుపడదు. ఉల్‌మన్ సిద్ధాంతం ప్రకారం రెండు ఫ్రేములతో ఆకారమే రాకూడదు కదా.

ఇంకో సంగతి శీను గారికి. మీ మడత ఊగుతోంది కాబట్టి కోణీయ వేగమే మారుతోంది. త్వరణంలో రెండో పదం కూడా వస్తుంది, అందులో మళ్లీ లోతు ఉంటుంది. రమణ గారి భాగహారం ఊపు మధ్యలో ఉన్న క్షణానికి తప్ప నేరుగా పనికిరాదు.

గోదావరి_గాలి

నాకు లెక్కలు అంతగా రావు, కానీ ఒక సందేహం. రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే స్తంభాలు వెనక్కి పరిగెడతాయి, కొండలు మెల్లగా కదులుతాయి, చందమామ మనతోనే వస్తాడు. ఇదీ మీరు చెప్పేదీ ఒకటేనా?

రోబో_రమణ

బంధువులే, కాకపోతే అక్కడ లెక్క కాస్త సుఖం. దాన్ని మోషన్ పారలాక్స్ అంటారు. 19వ శతాబ్దంలోనే హెల్మ్‌హోల్ట్జ్ దీని గురించి రాశాడు: దట్టమైన అడవిలో నిలబడి చూస్తే కొమ్మలూ ఆకులూ కలగాపులగంగా ఉంటాయి, ఒక్క అడుగు వేయగానే దేనికది విడిపోతుంది.

రైలు సెకనుకు 20 మీటర్లు, అంటే గంటకు 72 కిలోమీటర్లు వెళ్తోందనుకోండి. మీకు సూటిగా పక్కన ఉన్న వస్తువు కోణీయ వేగం = రైలు వేగం ÷ దూరం. 10 మీటర్ల దూరంలో స్తంభం సెకనుకు 115 డిగ్రీల వేగంతో దాటుతుంది. 2 కిలోమీటర్ల అవతలి కొండ సెకనుకు అర డిగ్రీ పైన, అంటే చందమామ బింబం వెడల్పంత. చందమామ సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు కాబట్టి ఆ లెక్కన కదలడమే లేదు. కదలనిది మనతో వస్తున్నట్టు అనిపిస్తుంది.

ఇక్కడా తిరకాసు ఉంది. రైలు వేగం తెలియకపోతే దూరాల నిష్పత్తులే వస్తాయి, మీటర్లు రావు. ఒకే కెమెరాతో డ్రోన్ నడిపేవాళ్లకు రోజూ ఉండే తలనొప్పి ఇదే. లాంగె-హిగిన్స్ 1981లో ‘నేచర్’లో ఇచ్చిన ఎనిమిది చుక్కల పద్ధతి అయినా అంతే, రెండు ఫొటోల నుంచి మొత్తం దృశ్యం వస్తుంది, స్కేలు రాదు. బొమ్మ ఇల్లు దగ్గర్నుంచి చూసినా అసలు ఇల్లు దూరం నుంచి చూసినా కెమెరాకు తేడా తెలియదు. అందుకే మేము ఐఎంయూ, అంటే డ్రోన్ తన కదలికను తానే కొలుచుకునే సెన్సర్, తగిలిస్తాం.

ఒంటికన్ను_వరహాలు

చర్చ బాగుంది, నా అనుభవం కూడా వేస్తాను. చిన్నప్పుడే ఎడమ కన్ను చూపు పోయింది. సూదిలో దారం ఎక్కించాలన్నా, గ్లాసులో నీళ్లు పోయాలన్నా తల కొంచెం అటూ ఇటూ ఆడిస్తాను. నేను ఆడిస్తున్నట్టు నాకు తెలియదు, మా ఆవిడ చెప్పింది. తల ఆడించకుండా, వస్తువును ఎవరైనా ఆడిస్తే నాకు అంత బాగా తెలియదు. రెండూ ఒకటే కదా, రెంటికీ తేడా ఎందుకు?

అరుంధతి_ఎన్

వరహాలు గారూ, ఈ దారంలో ఇప్పటిదాకా వచ్చిన మంచి ప్రశ్న ఇదే.

రెటీనా మీద రెండూ ఒకటే. మెదడుకు మాత్రం కాదు. తల మీరే కదిపితే ఎంత కదిపారో చెవి లోపలి సంతులన అవయవం, మెడ కండరాలు, కంటి కండరాలకు వెళ్లిన ఆదేశం అన్నీ మెదడుకు చెబుతాయి. 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్న గ్లాసును చూస్తూ తల 10 సెంటీమీటర్లు పక్కకు జరిపితే, మీరు గ్లాసును చూసే దిశ సుమారు 9 డిగ్రీలు తిరిగినట్టు. పైన శీను గారికి చెప్పిన లబ్ధంలో తెలియని కోణీయ వేగం మీకు ఇలా తెలిసిపోయింది. భాగిస్తే లోతు వస్తుంది. రమణ గారి ఐఎంయూ మీ చెవిలో ఉంది.

రోజర్స్, గ్రాహమ్ 1979లో చేసిన ప్రయోగం ఇదే. ఒంటి కన్నుతో చుక్కల తెరను చూపించారు. మనిషి తల కదిపితే దానికి అనుగుణంగా చుక్కలు జరిగేలా కట్టారు. తెర చదునే, కనిపించింది మాత్రం గట్లూ గాడులూ ఉన్న ఉపరితలం. ఏది ముందు, ఏది వెనక అన్న సందిగ్ధం కూడా పోయింది.

కాకపోతే ఈ భాగహారానికి ఒక షరతుంది: గ్లాసు కదలకుండా ఉందని మెదడు ముందే అనుకోవాలి. మార్క్ వెక్స్లర్ బృందం 2001లో ‘నేచర్’లో చూపింది అదే. వస్తువు దృఢంగా ఉండటమే కాదు, అది లోకంలో కదలకుండా ఉండే వివరణ దొరికితే మెదడు దానివైపే మొగ్గుతుంది.

పొలం_గట్టు

మిడతలు కూడా ఇదే చేస్తాయి. దూకే ముందు ఒళ్లంతా అటూ ఇటూ ఊపి చూస్తాయి. పొలంలో గమనించినవాళ్లకు తెలుసు.

అరుంధతి_ఎన్

అవును. దాని మీద వాలెస్ 1959లో ప్రయోగం చేశాడు. మిడత ఊగుతున్నప్పుడు అది దూకబోయే వస్తువును ఎదురు దిశలో కదిపితే దగ్గరే ఉందనుకుని తక్కువ దూరం దూకింది. అది ఊగే వైపే కదిపితే దూరంగా ఉందనుకుంది. అంటే వస్తువు కదలదన్న నమ్మకం మిడతకూ ఉంది.

తెర_వెనక

మాది అనంతపురం జిల్లా. తోలుబొమ్మలాటలో బొమ్మను గిర్రున తిప్పితే తెర మీద సన్నబడి మళ్లీ వెడల్పవుతుంది. చూసేవాళ్లెవరూ బొమ్మ సన్నబడిందనరు, తిరిగిందనే అంటారు. తెర మీద ఉన్నది చదును బొమ్మే కదా. ఇదీ మీ లెక్కలోకి వస్తుందా?

చుక్కల_శీను

భలే ప్రశ్న అండీ. ఇది నాకే తెలుసు, ఎందుకంటే ఈ రంగం మొదలైందే నీడలతో. వాలక్, ఓకానెల్ 1953లో తీగను వంచి దాని నీడను తెర మీద వేసి, వెనక నుంచి తిప్పారు. ఆగి ఉంటే చదును గీతలు, తిరిగితే లోతున్న తీగ. దానికి కైనెటిక్ డెప్త్ ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. వాళ్లు గమనించిన ముఖ్యమైన సంగతి: నీడ గీత పొడవు ఒక్కటే మారితే చాలదు, అది తెర మీదే సాగుతూ ముడుచుకుంటూ ఉన్నట్టు కనిపిస్తుంది. పొడవూ, గీత ఒరిగిన దిశా రెండూ కలిసి మారాలి.

మీ బొమ్మ నిలువు కర్ర చుట్టూ తిరిగితే అడ్డగీతలు పొడవు మాత్రమే మారతాయి. ఏటవాలు గీతలు, అంటే చాచిన చెయ్యి, జడ, విల్లు, ఇవి పొడవుతోపాటు దిశ కూడా మారతాయి. తిరిగిన భావన వాటివల్లే వస్తోందని నా ఊహ. పలకలాంటి చతురస్రం కోసి తిప్పి చూస్తే తేలుతుంది.

తెర_వెనక

తిప్పేటప్పుడు బొమ్మ అంచు తెర నుంచి లేస్తుంది, అప్పుడు ఆ అంచు దీపం వైపు జరిగి, దాని నీడ మసకబారి పెద్దదవుతుంది. అది కూడా ఉంటుంది మరి. పైగా అది బొమ్మ అని అందరికీ ముందే తెలుసు. అయినా పలక కోసి చూస్తాను.

కంటి_డాక్టరమ్మ

డాక్టర్ల వైపు నుంచి ఒక ముక్క. పుట్టుకతో చూపు లేక, ఏళ్ల తర్వాత ఆపరేషన్‌తో చూపు వచ్చినవాళ్లతో పవన్ సిన్హా బృందం ఢిల్లీలో పని చేస్తోంది, ప్రాజెక్ట్ ప్రకాశ్ అని. 2009లో వాళ్లు ప్రచురించిన ఫలితం నన్ను ఇప్పటికీ వదలదు. కొత్తగా చూపు వచ్చినవాళ్లకు ఒకదాని మీద ఒకటి పడిన ఆకారాల బొమ్మ చూపిస్తే రంగు మారిన ప్రతి ముక్కనూ వేరే వస్తువుగా లెక్కపెట్టారు. వాటిని కదిలించగానే ఏది ఒక వస్తువో తెలిసింది. తర్వాతి నెలల్లో కదలని బొమ్మల్లో కూడా వస్తువులను విడదీయడం వచ్చింది. కాబట్టి కదలికను లోతు కొలిచే సాధనంగా మాత్రమే చూడకండి. ఏ ముక్కలు కలిసి ఒక వస్తువు అన్నది అంతకన్నా ముందు ప్రశ్న. మీ సిమ్యులేషన్లో వస్తువు ఒక్కటే కాబట్టి అది మీకు ఎదురుపడలేదు.

రోబో_రమణ

బాగా చెప్పారు డాక్టరు గారూ. మా కోడ్‌లలో సగం కష్టం అక్కడే.

అరుంధతి గారితో ఇంకా నాకు పేచీ ఉంది. రెండు ఫ్రేములతో నిర్ణయించలేని దానికి మనిషి ఏదో ఒక లోతు చూస్తున్నాడు కదా. నిష్పత్తులే తెలిస్తే మడత కోణం తెలియకుండా ఊగుతూ ఉండాలి. ఒక నిర్దిష్టమైన కోణం ఎక్కడి నుంచి వస్తోంది? దానికి జవాబు లేకపోతే ‘మెదడు వేగాలనే వాడుతుంది, త్వరణాన్ని కాదు’ అనడం సగం మోడలే. ఇంకోటి, దృఢత్వం అంటున్నారు, మనిషి నడక దృఢమా? యోహాన్సన్ 1973లో కీళ్ల దగ్గర పది పన్నెండు దీపాలు పెట్టి చీకట్లో నడిపిస్తే అందరూ ఇట్టే మనిషి అని గుర్తుపట్టారు.

అరుంధతి_ఎన్

నడక సంగతి ముందు. నిజమే, దృఢత్వం ఒక్కటే అయితే ఒళ్లు ముక్కలవ్వాలి. మోచేతికీ మణికట్టుకూ మధ్య ఎముక దృఢం, కాబట్టి జతలు జతలుగా పని చేయవచ్చని కొందరు, నడక మెదడుకు ముందే తెలిసిన నమూనా అని కొందరు. ఉల్‌మన్ కూడా 1984లో మెత్తబడి, ఒక్కసారిగా కాకుండా క్షణక్షణానికీ వీలైనంత తక్కువ వంగే ఆకారాన్ని ఎంచుకుంటూ పోయే మోడల్ ఇచ్చాడు.

ఇక కోణం ఎక్కడి నుంచి వస్తుందంటే, ముందస్తు మొగ్గు నుంచి. లబ్ధం తెలుసు, రెండు రాశులూ తెలియవు. చురుగ్గా తిరగడం కన్నా మెల్లగా తిరగడం మామూలు, నిటారు వాలు కన్నా చదును మామూలు అని మెదడు అనుకుంటుందనుకోండి. ఈ రెండు మొగ్గులూ సున్నా దగ్గర కేంద్రంగా ఉన్న గంట ఆకారపు వక్రరేఖలైతే, లబ్ధాన్ని మార్చకుండా రెండింటినీ వీలైనంత చిన్నగా ఉంచే జత ఒక్కటే ఉంటుంది. ఆ జతలో రెండు రాశులూ తమ తమ స్కేలులో సమానం. కాబట్టి కనిపించే వాలు టాన్ = ఏదో స్థిరాంకం × లబ్ధపు వర్గమూలం.

డొమినీ, కౌడెక్ వాదన ఇదే, వాళ్ల ప్రయోగాలూ ఇటే చూపుతాయి. శీను గారి స్నేహితుల మాట కూడా దీంట్లోంచే వస్తుంది. వేగం రెట్టింపు చేస్తే కనిపించే టాన్ 1.41 రెట్లు పెరగాలి. 30 డిగ్రీలుగా కనిపించినది 39 అవ్వాలి. వేగం నాలుగింతలు చేస్తే 49. మీ కోడ్‌కైతే ఎప్పుడూ 30.

రోబో_రమణ

ఇది ఒప్పుకోవచ్చు. ఇది తెలివితక్కువ పద్ధతి కూడా కాదు. నా మోడల్లో త్వరణం కొలతకు భారీగా నాయిజ్ (కొలతలో తడబాటు) ఇచ్చి, మొగ్గులు పెట్టి, అత్యుత్తమ అంచనా అడిగినా ఇదే వర్గమూలం వస్తుంది. అంటే మన వాదనల మధ్య దూరం నాయిజ్ ఎంత అన్న దగ్గరే.

అరుంధతి_ఎన్

అంతే కాదండీ, ఇంకొకటి ఉంది. మీ పద్ధతి ఏదైనా ఒకే చుక్కను ఫ్రేము నుంచి ఫ్రేముకు వెంబడించాలి. ట్రూ, హుసేన్, ఆండర్సన్ 1991లో ఒక్కో చుక్క ఆయువును వంద మిల్లీసెకన్ల దిగువకు తగ్గించారు. పాత చుక్క ఆరిపోతుంది, కొత్తది ఇంకోచోట పుడుతుంది. అయినా ఆకారం కనిపించింది. మెదడు చుక్కలను కాక వేగాల క్షేత్రాన్ని పోగు చేసుకుని దాని మీద ఉపరితలం పరుస్తోందన్నమాట. ఎంటీ అనే మెదడు ప్రాంతంలో నాడీకణాలు ఈ ఉపరితలాల వరసను బట్టి స్పందిస్తాయని కోతులలో 1998లో బ్రాడ్లీ బృందం చూపింది. వరహాలు గారి తల ఊపుడుకు సంబంధించిన లోతు కూడా అక్కడే కనిపించిందని 2008లో నాడ్లర్, ఏంజెలాకీ, డిఏంజెలిస్ రాశారు.

మోడరేటర్

‘తిరిగే నర్తకి ఎటు తిరుగుతోంది’ అని, ఎటైనా తిరుగుతున్నట్టు కనిపించే ఆ నీడ బొమ్మ గురించి వచ్చిన పోస్టులు వేరే దారంలోకి మార్చాను. రెండు వైపులా తిరుగుతోంది, గొడవ పడకండి.

చుక్కల_శీను

అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు ప్రయోగం మార్చి చేస్తాను. వేగం రెండింతలు, నాలుగింతలు పెట్టి, కనిపించిన కోణాన్ని కొలిచి, దాని టాన్‌ను వేగానికి ఎదురుగా లాగ్ గ్రాఫులో వేసి, గ్రాఫు వాలు అర వస్తుందా, సున్నా వస్తుందా, ఒకటి వస్తుందా చూస్తాను. సున్నా వస్తే ఉల్‌మన్, అర వస్తే అరుంధతి గారు. కొలిచేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

అరుంధతి_ఎన్

నోటితో డిగ్రీలు చెప్పించకండి, ఎవరి డిగ్రీ వారిది. స్క్రీన్ పక్కన రెండు గీతల కోణం పెట్టి, మడతకు సరిపోయేదాకా తిప్పమనండి. ఒక కన్ను మూయించండి, గది చీకటి చేయండి. లేకపోతే స్క్రీన్ చదునుగా ఉందని రెండో కన్ను చెప్పేస్తుంది, లోతు అణిగిపోతుంది. గడ్డం ఆనించడానికి ఏదైనా పెట్టండి. తల కదిలితే వరహాలు గారి కిటుకు పనిచేసి, తల కదలికకు తగ్గట్టు చుక్కలు కదలడం లేదు కాబట్టి ఇది చదును తెర అని మెదడుకు తెలిసిపోతుంది.

చుక్కలను ఉపరితలం మీద సమంగా చల్లితే వాలు ఎక్కువైన చోట స్క్రీన్ మీద దట్టంగా పడతాయి, అదొక దొంగ సూచన. స్క్రీన్ మీద సమంగా చల్లి, అక్కడి నుంచి ఉపరితలం మీదికి వెనక్కి లెక్క కట్టండి. ఆయువు తగ్గించండి.

రోబో_రమణ

ఊపు కోణం అంతే ఉంచి వేగం పెంచినట్టే, వేగం అంతే ఉంచి ఊపు కోణం పెంచే సెట్ కూడా ఒకటి పెట్టు శీనూ. కోణం పెరిగితే త్వరణం సమాచారం పేరుకుని గ్రాఫు వాలు అర నుంచి కిందికి జారుతుందని నా పందెం.

చుక్కల_శీను

పెడతాను అన్నా. డేటా ఫైలు ఇదే దారంలో వేస్తాను. హాస్టల్లో ఒంటి కన్నుతో చీకట్లో కూర్చోమంటే టీ ఇప్పిస్తేగానీ రామంటున్నారు, అదొక్కటే టెన్షన్.